ఆవాలు చిటపటలాడే సముద్రం

ఈతకు మించిన లోతు లేదని పెద్దలన్నారు. చిన్నప్పటినుంచీ ఆ మాటను గట్టిగా నమ్మినవాణ్ణి నేను. రాజమండ్రి కోటిలింగాల రేవులో మునిగి తేలి పెరిగినవాడికి నీళ్ళను గురించి కొత్తగా నేర్చుకోవలసింది ఏముంటుంది గనక? అరవై ఏళ్ళు నిండినా ఆ గర్వం నన్ను వదలలేదు. అది కాస్తా 2019 ఫిబ్రవరిలో, ఒకానాటి ఉదయం పదిగంటలవేళ, గొంతు దాటని లోతులో వదిలిపోయింది. ఎల్లా వదిలిందో చెబుతాను.

నేను రిటైరయ్యాక మా ఆవిడ ఒకే ఒక కోరిక కోరింది. "కాశీ చూశాం, రామేశ్వరం చూశాం. ఎక్కడికి వెళ్ళినా క్యూలో నిలబడటమూ, తిరిగివచ్చి చెప్పులు వెతుక్కోవటమూను. ఒక్కసారి నన్ను ఓడ ఎక్కించండి" అన్నది. దానితోపాటు ఇంకో చిన్న కోరిక కూడా లేకపోలేదు. మా పక్కింటివారి అద్దాల బీరువాలో, శంఖాల పక్కన, మల్లెపువ్వులాంటి తెల్లని పగడపు కొమ్మ ఒకటి ఉన్నది. అల్లాంటిది మాకూ ఒకటి కావాలి. ఓడలో వెళ్ళి దానికోసం ఉత్తచేతులతో వస్తామా అని నేనూ హామీ ఇచ్చేశాను.

అల్లా బయలుదేరాం లక్షద్వీపాలకు. పేరుకు లక్షగాని, సర్కారు లెక్కకు అవి 36. మనుషులు కాపురముండేవి పదే. అన్ని దీవులూ కలిపినా నేల 32 చదరపు కిలోమీటర్లు మాత్రమే. అంతలోనే 2011 జనాభా లెక్కల ప్రకారం 64 వేల పైచిలుకు జనం. కేరళ తీరానికి 200 నుంచి 440 కిలోమీటర్ల దూరంలో, అరేబియా సముద్రం మధ్య ఆవగింజలు చల్లినట్టుంటాయి.

కొచ్చి రేవులో మేమెక్కిన ఓడ పేరు ఎం.వి. కవరత్తి. ఏడువందలమంది పట్టే ఓడ. మన విశాఖపట్నం హిందుస్తాన్ షిప్‌యార్డులో కట్టినదని తెలియగానే నాకు మహా సంతోషమైంది. పక్క కేబినులోని గుజరాతీ దంపతులకు ఆ సంగతి రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పబోతుంటే మా ఆవిడ మోచేత్తో పొడిచింది.

రాత్రి ఓడ నడుస్తుంది. తెల్లవారేసరికి ఒక దీవి దగ్గర ఆగుతుంది. పగలంతా దీవిలో గడిపి, సాయంత్రానికి మళ్ళీ ఓడకు చేరాలి. అదీ మా కార్యక్రమం.

దీవి గుమ్మంలో

మూడు మజిలీలలో ఒకటి కల్పేని. ఓడ ఒడ్డుదాకా పోదు. దీవి చుట్టూ నీళ్ళ కింద పగడపు దిబ్బ గోడలాగా ఉంటుంది. అందుచేత ఓడ లోతు నీళ్ళలోనే ఆగుతుంది. పక్కనున్న తలుపు తెరుస్తారు. కింద చిన్న పడవ. ఒక క్షణం అది మన పాదాల దాకా లేస్తుంది, మరుక్షణం నిలువెత్తు కిందికి దిగిపోతుంది. దీవి మనుషులిద్దరు చెరొక రెక్కా పట్టుకుని, పడవ పైకి వచ్చిన క్షణం చూసి "ఊఁ" అంటారు. అడుగు వేసెయ్యాలి. ఆలోచించినవాడు అక్కడే ఉండిపోతాడు. మా ఆవిడ కళ్ళు మూసుకుని వెంకటేశ్వరస్వామిని తలచుకుని వేసేసింది. నేను ఆలోచించాను. వెనుకనున్నవాళ్ళు తొందరపెట్టాక దిగాను.

పడవ కొంతదూరం పోయేసరికి తెల్లని నురుగు గీత ఒకటి వచ్చింది. ఆ గీతకు అవతల నీరు సిరా నీలం. దాటి లోపలికి రాగానే లేతపచ్చ. అలలు కూడా ఆ గీత దగ్గరే ఆగిపోయాయి. లోపల నీరు మన ఊరి చెరువంత నెమ్మదిగా ఉన్నది. దిబ్బ చుట్టిన ఈ సముద్రపు మడుగునే లగూన్ అంటారు. కల్పేని లగూన్‌లో తిలక్కం, పిట్టి అనే చిన్న చిన్న లంకలు కూడా ఉన్నాయి. కూమెల్ ఒడ్డున నిలబడితే ఎదురుగా కనిపిస్తాయి.

అక్కడే మాకు స్నార్కెలింగు.

అద్దమూ, గొట్టమూ

స్నార్కెలింగంటే బ్రహ్మవిద్య ఏమీ కాదు. కళ్ళనూ ముక్కునూ కలిపి మూసే ఒక అద్దం, నోట్లో కరచిపట్టుకునే ఒక గొట్టం, కాళ్ళకు బాతు పాదాలలాంటి రబ్బరు చెప్పులు. ముఖం నీళ్ళలో పెట్టి బోర్లా తేలుతూ ఉండాలి. గొట్టం కొస నీటిపైన ఉంటుంది గనుక ఊపిరి ఆడుతుంది. అద్దం ఎందుకంటే, మన కంటికి గాలిలో చూడటమే అలవాటు. నీరు కంటిని తాకితే చూపు మసకబారుతుంది. కంటికీ నీటికీ నడుమ కాస్త గాలి ఉంటే అంతా స్పష్టమే. పైగా అద్దంలోంచి చూస్తే ప్రతి వస్తువూ ఉన్నదానికన్నా మూడోవంతు పెద్దదిగా, కాస్త దగ్గరగా కనిపిస్తుంది.

మాకు నేర్పినవాడు పాతికేళ్ళ దీవి కుర్రవాడు. మలయాళం, హిందీ, ఇంగ్లీషు మూడూ కలిపి మాట్లాడుతాడు. మూడే మాటలు చెప్పాడు. "నోటితోనే ఊపిరి తియ్యాలి. చేతులు కట్టుకోవాలి. పగడం మీద కాలు పెట్టకూడదు."

"నాకు ఈత వచ్చునయ్యా. గోదావరిలో నేర్చుకున్నాను" అన్నాను.

కుర్రవాడు నవ్వాడు. "అందుకే మీకు రెండుసార్లు చెబుతున్నాను సార్" అన్నాడు.

లైఫ్ జాకెట్ వద్దన్నాను. ఒప్పుకోలేదు. అలిగి తొడుక్కున్నాను. మా ఆవిడకు ఈత అసలే రాదు. మా అమ్మాయి బలవంతాన కొనిపెట్టిన పంజాబీ డ్రస్సు, దానిమీద నారింజరంగు జాకెట్, ముఖానికి అద్దం. ఆమెను చూసి నవ్వు ఆపుకోలేకపోయాను. నా వేషం నాకు కనపడటంలేదు గదా!

కుర్రవాడు ఆమె చేతికి రబ్బరు చక్రం ఇచ్చి, తాడుపట్టి లాక్కుంటూ మెల్లగా తీసుకుపోయాడు. చెప్పినదానికి ఒక్కటి ఎక్కువగాని తక్కువగాని చెయ్యకుండా, చాపమీద పడుకున్నట్టు ఆమె తేలిపోయింది. నేను మాత్రం గోదావరి పద్ధతిలో బారలు వేశాను. ఊపిరి కోసం అలవాటుకొద్దీ తల పక్కకు తిప్పాను. గొట్టం మునిగింది. ఒక్క గుక్కెడు ఉప్పునీరు లోపలికి పోయింది. దగ్గు వచ్చింది. దగ్గబోతే ఇంకో గుక్కెడు. అరవై ఏళ్ళ ఈత ఏమైపోయిందో తెలియదు. నేల కోసం కాళ్ళు కిందికి విదిలించాను. పాదానికి ఏదో తగిలింది. పుటుక్కుమన్నది.

ఆ చప్పుడు నీళ్ళలో నాకు స్పష్టంగా వినిపించింది.

బెత్తెడు కొమ్మ

కుర్రవాడు వచ్చి నా జాకెట్ పట్టుకుని ఇసుక ఉన్నచోటికి లాగి నిలబెట్టాడు. ఊపిరి కుదుటపడే దాకా ఏమీ అనలేదు. తరువాత మునిగి, విరిగిన ముక్క తీసుకువచ్చి చూపించాడు. బెత్తెడుంటుంది. లేడికొమ్ములాగా రెండు చీలికలు. ఒళ్ళు గోధుమరంగు, కొస మాత్రం లేతనీలం.

"2016లో ఇక్కడంతా తెల్లబడి చాలా మటుకు చచ్చిపోయింది సార్. ఇది ఆ తరువాత మొలిచింది" అన్నాడు.

ఒక్క కసురు కసిరినా బాగుండేది. నేను క్షమాపణ చెప్పుకోబోతే వినకుండా మళ్ళీ మునిగి, రెండు బండల సందులో ఆ ముక్కను కదలకుండా ఇరికించి వచ్చాడు. కదలకుండా ఉంటే మళ్ళీ అంటుకుని బతికినా బతకవచ్చునట. అలకు దొర్లితే మాత్రం చస్తుందట.

"ఇంకోసారి వస్తారా సార్?" అన్నాడు. సిగ్గుతో తల ఊపాను. ఈసారి చేతులు కట్టుకున్నాను. బారలు లేవు, తన్నటం లేదు. చక్రం పట్టుకుని మా ఆవిడ పక్కన చచ్చిన కట్టెలాగా తేలాను. అప్పుడుగాని సముద్రం నాకు కనపడలేదు.

కింద ఒక ఊరున్నది. లేడికొమ్ముల పొదలు, గొడుగుల్లాంటి పలకలు, మనిషి మెదడులాగా ముడతలు పడ్డ గుండ్లు. వాటి సందులలో వీధులు, ఆ వీధులలో రాకపోకలు. పసుపు నలుపు చారల సీతాకోకచిలుక చేపలు జంటజంటలుగా షికారు వెళ్ళే దంపతులలాగా పోతున్నాయి. చిలుకచేప ఒకటి, నిజంగానే చిలుక ముక్కుతో, పచ్చగా నీలంగా మెరుస్తూ, దిబ్బను కరకర కొరుకుతున్నది. కొరికిన సున్నపు రాతిని అరగదీసి వెనుకనుంచి ఇసుకగా వదులుతుంది. పెద్దరకం చిలుకచేప ఒక్కటే ఏడాదికి వందల కిలోల ఇసుక చేస్తుంది. ఒడ్డున మేము చెప్పులు విడిచి ముచ్చటపడి నడిచిన తెల్లని ఇసుకలో చాలాభాగం ఈవిధంగా వచ్చినదే!

మా ఆవిడ నా చెయ్యి గిల్లి వేలు చూపింది. పువ్వులాంటిది ఒకటి ఊగుతున్నది. అది పువ్వు కాదు, విషపు ముళ్ళ వేళ్ళున్న ప్రాణి. ఇతర చేపలు తగిలితే చురుక్కుమంటుంది. దాని ఒడిలోనే నారింజరంగు మీద తెల్లపట్టీల చేపలు నిర్భయంగా కాపురముంటున్నాయి. ఆ కాపురంలో అన్నిటికన్నా పెద్దది ఆడది. అది పోతే దాని మగడే ఆడదిగా మారి పెత్తనం తీసుకుంటుంది. ఒడ్డుకు వచ్చాక ఈ సంగతి విని మా ఆవిడ, "పెత్తనం విలువ తెలిసిన జాతి" అన్నది.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరచినది చప్పుడు. సముద్రం అడుగు నిశ్శబ్దంగా ఉంటుందనుకున్నాను. ముఖం నీళ్ళలో పెట్టగానే చుట్టూ చిటపటమని ఎడతెగని శబ్దం. ఒడ్డుకు రాగానే మా ఆవిడ అన్న మొదటిమాట అదే. "ఏమండీ, ఎవరో ఆవాలు పోపు పెడుతున్నట్టు లేదూ?"

అది రొయ్యల పనిట. వేలెడంత కూడా లేని రొయ్యలు. ఒక డెక్క పెద్దది. దాన్ని టప్పున మూస్తే నీళ్ళలో బుడగ పుట్టి పగులుతుంది. దిబ్బ సందులలో వేలాది రొయ్యలు ఒకేసారి ఆ పని చేస్తుంటే మనకు పోపు వినిపిస్తుంది.

కాళ్ళకింది నేల

ఒడ్డున కొబ్బరినీళ్ళు తాగుతూ కుర్రవాడిని ప్రశ్నలతో విసిగించాను. ఇంటికి వచ్చాక పుస్తకాలు కూడా చూశాను. పగడమంటే చెట్టూ కాదు, రాయీ కాదు. ప్రాణి. గోరంత కూడా ఉండని మెత్తటి ప్రాణి. సముద్రపు నీటినుంచి సున్నం తీసుకుని తన కింద గిన్నెలాంటి గూడు కట్టుకుంటుంది. వేల గూళ్ళు కలిస్తే ఒక కొమ్మ. బండల్లా పెరిగే జాతులు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగుతాయి. కొమ్మల జాతులు అంతకన్నా వేగం.

ఆ ప్రాణి ఒంట్లో కంటికి కనపడని నాచు అద్దెకుంటుంది. ఎండతో ఆహారం వండి, ఇల్లిచ్చినందుకు అద్దెగా చెల్లిస్తుంది. పగడానికి చాలా మటుకు తిండి ఆ అద్దెతోనే గడుస్తుంది. ఆ గోధుమరంగు కూడా నాచుదే. నీటి వేడి మామూలు వేసవి వేడికన్నా ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు నిలిచిందంటే ఈ పొత్తు చెడిపోతుంది. నాచు బయటికి పోతుంది. లోపలి సున్నం తెల్లగా కనిపిస్తుంది. తెల్లబడినంతమాత్రాన చచ్చినట్టు కాదు, పస్తున్నట్టు. నీరు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది. లేకపోతే ఆకలితో పోతుంది. లక్షద్వీపాలలో 1998లోనూ, 2010లోనూ, 2016లోనూ ఇల్లా జరిగింది.

"అయితే పక్కింటివారి బీరువాలో ఉన్నది అస్థిపంజరమన్నమాట" అన్నది మా ఆవిడ.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఆ దీవిలో రాయి, ఇసుక, మట్టి అన్నీ పగడమే. డార్విను 1836లో హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవులు చూశాడు. 1842లో పుస్తకం రాసి వాటి పుట్టుక చెప్పాడు. అగ్నిపర్వతం మెల్లగా సముద్రంలోకి కుంగుతుంటే దాని అంచున పగడం పైకి కట్టుకుంటూ వస్తుందన్నాడు. కొండ మునిగిపోతుంది, పగడపు ఉంగరం మిగులుతుంది. 1952లో పసిఫిక్ సముద్రంలోని ఎనివెటాక్ వద్ద లోతుగా తొలిచి చూస్తే, 4 వేల అడుగులకు పైగా పగడపు సున్నపురాయి దాటాక కింద అగ్నిపర్వతపు రాయి తగిలింది. నూటపది ఏళ్ళకు ఆయన మాట నిలిచింది.

ఆ మధ్యాహ్నం మమ్మల్ని తూర్పు ఒడ్డుకు కూడా తీసుకుపోయారు. అక్కడ పగడపు ముక్కలు గుట్టలుగా పడి ఉన్నాయి. 1847లో పెనుతుఫాను వచ్చి సముద్రం విసిరేసిన రాళ్ళవి. ఆ తుఫాను కల్పేనినీ, ఆంద్రోతునూ నాశనం చేసింది. దీవి సముద్రమట్టానికి కొన్ని మీటర్లకు మించి లేవదు. మామూలు రోజులలో అలల బలాన్ని ఆ దిబ్బే విరుస్తుంది. దిబ్బ బతికి పెరుగుతుంటేనే గోడ నిలుస్తుంది. చచ్చిన దిబ్బను అలలు కొద్దికొద్దిగా తినేస్తాయి. మనకు చూడముచ్చటైన వినోదం ఆ కుర్రవాడికి ఇంటి ప్రహరీగోడ. నేనేం విరిచానో నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది.

మా ఆవిడ గుట్టలోనుంచి తెల్లని ముక్క ఒకటి తీసింది. అరచేతిలో తిప్పి తిప్పి చూసింది. బీరువాకు సరిగ్గా సరిపోయే ముక్క. నేను ఏమీ అనలేదు. చట్టం సంగతి కుర్రవాడు ముందే చెప్పాడు. 2001 నుంచి ఈ రాతిపగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు కిందికి వచ్చాయి. పులికి ఎంత రక్షణో పగడానికీ అంత. కాని ఆమె చట్టాన్ని తలచుకున్నట్టు లేదు. వంగి, తీసినచోటనే, తీసినట్టే పెట్టింది.

"వీళ్ళ గోడలో ఇటుక మనకెందుకండీ?" అన్నది.

వెళ్ళదలచినవారికి

పాఠకులలో ఎవరైనా ఇల్లాంటి దీవులకు వెళ్ళితే నా అనుభవం నుంచి నాలుగు మాటలు. ముందు మోకాలిలోతు ఇసుకనేల మీద నిలబడి, ముఖం నీళ్ళలో పెట్టి, నోటితో ఊపిరి తియ్యటం పది నిమిషాలు అలవాటు చేసుకోండి. గొట్టంలో నీరు వస్తే కంగారుపడక ఫూ అని గట్టిగా ఊదండి, పోతుంది. ఈత వచ్చినా జాకెట్ తీయకండి. ఒంటరిగా పోకండి. కాలు ఆనించాలనిపిస్తే కింద ఇసుక ఉన్నదని చూసుకుని ఆనించండి. దేనినీ తాకకండి. అన్నిటికన్నా ముఖ్యం, ఈత వచ్చునని చెప్పుకోకండి.

సాయంత్రం పడవ ఎక్కేముందు కుర్రవాడి దగ్గరకు పోయాను. "ఆ కొమ్మ బతుకుతుందంటావా?" అని అడిగాను.

"నేను రోజూ అటే పోతాను సార్, చూస్తూ ఉంటాను" అన్నాడు. పడవ కదిలింది. నురుగు గీత దాటాక మళ్ళీ సిరా నీలం, మళ్ళీ అలలు. ఓడ తలుపు దగ్గర ఈసారి నేను ఆలోచించకుండా అడుగు వేశాను.

2024 వేసవిలో పేపరులో చిన్న వార్త చూశాను. లక్షద్వీపాల సముద్రం మళ్ళీ వేడెక్కిందనీ, పగడాలు మళ్ళీ విస్తారంగా తెల్లబడ్డాయనీ. మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె వంటింట్లో పప్పుకు పోపు వేస్తున్నది. బాణలిలో ఆవాలు చిటపటలాడుతున్నాయి. స్టవ్ తగ్గించి, గరిటె చేత్తో పట్టుకునే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డది.

"మనం విరిచినది ఏ బండల సందున పెట్టాడో మీకు గుర్తున్నదా?" అన్నది.

విరిచినవాణ్ణి నేను. ఆవిడ 'మనం' అన్నది. గుర్తున్నదన్నాను. మా అద్దాల బీరువాలో ఆ చోటు ఇప్పటికీ ఖాళీగానే ఉన్నది.